ఆడ ఎలుకలు పన్నెండు

మార్చి 3

పుట్టుకతో బీపీ వచ్చే జాతి మగ ఎలుకలు పన్నెండు కావాలని రాస్తే ఆడవి పన్నెండు పంపారు. తోక ఎత్తి చూసి చెప్పాను. సారు నమ్మలేదు. ఆయనా ఎత్తి చూసుకుని, ఛ, దండగ, ఆడవాటితో లెక్క తేలదు, నాలుగు రోజులకోసారి హార్మోన్లు మారిపోతాయి, తీసిపారెయ్ అన్నారు. ఈ ల్యాబ్‌లో బీపీ మీద తొమ్మిదేళ్లుగా పరిశోధన. ఒక్క ఆడ ఎలుక లేదు! ఒళ్లు మండిపోయింది.

బోనులు కడిగేదాన్ని, నాకెందుకు? మా అమ్మకి బీపీ. అందుకు.

మార్చి 4

అమ్మకీ నాన్నకీ ఒకటే మాత్ర, ఒకటే డోసు. నాన్న రాయిలా ఉన్నాడు. అమ్మకి కాళ్లు వాచాయి. డాక్టరు, టెన్షన్ తగ్గించుకోవాలమ్మా అన్నాడట. అలాగే బాబూ, మా ఆయన్ని ఓ నెల మీ దగ్గర ఉంచుకోండి అందట.

మార్చి 5, పొద్దున ఏడు

సారు కాన్ఫరెన్సుకి వెళ్లారు. వారం రోజులు. పీహెచ్‌డీ చేసే అక్కని పట్టుకున్నాను. బంధుత్వం ఏమీ లేదు, ఇద్దరినీ తిట్టేది ఒకడే. ఎలాగూ చచ్చేవే, ఏదో ఒకటి తెలుసుకుని చంపుదాం అన్నాను. నీ పుణ్యమా అని నా డిగ్రీ మట్టి కొట్టుకుపోతుందే తల్లీ అంది. అంటూనే గ్లవ్స్ తొడిగింది.

మార్చి 6

తోకకి పట్టీ బిగించి బీపీ చూశాను. పన్నెండింటికీ ఎక్కువే. దొరసానుల్లా కూర్చున్నాయి. మగవైతే పట్టీ చూడగానే గోల.

మార్చి 9

పేగు దగ్గరి రక్తనాళం వెంట్రుకంత ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల ముక్క కోసి, సన్న తీగలు రెండు దూర్చి, ఉప్పునీళ్లలో ఉంగరంలా పట్టి ఉంచాలి. అక్క చేయి వణుకుతుంది. నాది వణకదు. రెండేళ్లు ఆమె భుజం మీంచి చూసి నేర్చుకున్నాను. మిగతాది ప్రింటర్ దగ్గర పడేసిన పేపర్లు డిక్షనరీ పెట్టుకుని చదివి.

ఒక మందు వేస్తే ఉంగరం బిగుసుకుంటుంది, స్క్రీన్ మీద గీత లేస్తుంది. ఇంకో మందు వేస్తే వదులై గీత దిగాలి. మా బీపీ మగ ఎలుకలకి సగం దిగి మొండికేస్తుంది. ఇవాళ్టిది జారుడుబల్ల ఎక్కినట్టు కిందిదాకా వచ్చేసింది. అక్క కుర్చీలోంచి లేచిపోయింది. రెండో ఎలుక. అంతే. మూడోది. అంతే.

బీపీ ఉంది, నాళం మాత్రం ఇంకా మాట వింటోంది. మరి వీటికి బీపీ ఏ దారిన వచ్చినట్టు? తొమ్మిదేళ్లలో ఒక్కరూ అడగలేదు!

ఎలుకల్ని చంపే రోజు నేను వాటితో మాట్లాడను. ఇవాళ థాంక్స్ చెప్పాను.

మార్చి 13

సారు వచ్చారు. గీతలు చూశారు. నువ్వు బోనులు కలిపేశావు, ఇవి పోలిక కోసం పెంచే బీపీ లేని ఎలుకలవి అన్నారు. మెషిన్ ముట్టుకున్నందుకు రేపట్నుంచి రావద్దన్నారు.

ఆరు కోశాం, ఇంకా ఆరున్నాయి, మీరే బీపీ చూడండి అన్నాను. మీరే కోయండి, మగవాటి ముక్కలు ఆరు కలపండి, నంబర్లేసి ఇవ్వండి, గీత చూసి ఏది ఆడదో ఏది మగదో చెప్తాను, చెప్పలేకపోతే నేనే పోతాను అన్నాను. అరిచే అన్నాను. నోరు తగ్గించు అన్నారు. సరే అని మాత్రం ఆ తర్వాత అన్నారు.

మార్చి 14

ఉద్యోగం పోతే పోయింది, ఎలుకలకి నా నమస్కారం చెప్పమంది అమ్మ.

మార్చి 15, సాయంత్రం అయిదు

సారు ఎలుకని పట్టుకుని ఎన్నేళ్లయిందో! ఒకటి కోటు మీద ఉచ్చ పోసింది. ఒక్కోదానికి రెండేసి సార్లు బీపీ చూశారు. ఎక్కువే.

పన్నెండు ముక్కల్లో పదకొండు కరెక్టుగా చెప్పాను. ఆ తప్పిన ఒక్క గీతనీ ప్రింటు తీసి ఇంటికి తెచ్చుకున్నాను.

ఇవి కుర్రవి, ఈడు మళ్లినవాటిలో ఇలాగే ఉంటుందని లేదు అన్నారు సారు. అయితే మా అమ్మ ఈడువి తెప్పించండి అన్నాను. అక్క నవ్వాపుకోలేక తుమ్మింది.

రేపు రావాలా వద్దా అని అడిగాను. ఏడున్నరకే రా, ఉప్పునీళ్లు కలపాలి అన్నారు. సారీ అనలేదు. అంత భాగ్యం కూడానా!

మే 2

ముసలి ఆడ ఎలుకలు ఆరు దిగాయి. వాళ్లలో ముగ్గురు నన్ను కరిచారు. మా వాళ్లే.