విక్లో కొండలు, వెనక సీటు

అరోరా, అమెరికా, మే 9

పిన్నీ,

నేను క్షేమమే, ఒళ్లు మాత్రం మండిపోతోంది. నలుగురం ఐర్లాండ్ వెళ్తున్నామన్నాను కదా. మూడు వారాలు కూర్చుని ప్లాన్ వేసింది నేను. నిన్న మా ఆఫీసు రఘువీర్ అందులోంచి విక్లో కొండలు కొట్టేశాడు. "కొండల్లో ఏముంటాయి, వానా గొర్రెలూ. ఆ రెండు రోజులూ డబ్లిన్‌లో షాపింగ్ చేద్దాం" అన్నాడు. మిగతా ఇద్దరూ తలూపారు. పైగా సన్నగా ఉన్నానని నాకు కారులో వెనక సీటు, ఒళ్లో రైస్ కుక్కర్.

ఇవాళ కారు బుక్ చేయబోతే తెలిసింది, అక్కడ మనలాగే ఎడమ వైపు నడపాలి. దొరికిందేమో గేర్ల కారు. వీళ్లంతా ఇక్కడికొచ్చాక ఆటోమేటిక్ మీద నేర్చుకున్నవాళ్లు. "నువ్వు నడుపుతావా, తల్లీ?" అన్నాడు రఘువీర్. ఇవాళ తల్లినయ్యాను.

అరకు ఘాట్‌లో నువ్వు తిట్టి తిట్టి నేర్పావు కాబట్టి నడుపుతానన్నాను. దిగేటప్పుడు సెకండ్ గేరేనా? వెంటనే చెప్పు. బాబాయి మోకాలు ఎలా ఉంది? నేనొచ్చేదాకా ఆ పాత మారుతి అమ్మకండి.

కొండలు మళ్లీ ప్లాన్‌లో రాశాను, ఈసారి మూడు రోజులు. కుక్కర్ రఘువీర్ ఒళ్లో ఉంటుంది. ఇద్దరూ నన్ను దీవించండి.

సుమేధ