నీళ్ల డ్రమ్ముకు మూతైన గౌరవ ఫలకం గురించి

వికారాబాద్ జిల్లా కార్మిక శాఖ అధికారి గారికి,
తాండూరులోని ఒక బండల పాలిషింగ్ యూనిట్‌లో రోజువారీ లెక్కలు రాసే దశరథ్ సమర్పించుకొను అర్జీ.

విషయం: యాజమాన్యం ఇచ్చిన గౌరవాన్ని అగౌరవపరచినదన్న నేరంపై తొలగించబడిన కార్మికురాలు బీరమ్మను తిరిగి పనిలోకి తీసుకొనుట గురించి.

అయ్యా,

1. మా యజమాని చంద్రకాంత్ గారు గత నెల హైదరాబాదులో నాయకత్వ శిక్షణ పొంది వచ్చారు. పనివారిని గౌరవించాలని అక్కడ చెప్పారట. అంతకుముందు ఆ సంగతి వారి దృష్టికి ఎవరూ తెచ్చినట్లు లేదు.

2. తత్ఫలితంగా, అంచులు విరిగి అమ్ముడుపోని బండలపై మా పేర్లు చెక్కించి గోడ వెంట నిలబెట్టారు. మనిషికి రెండడుగుల చదరం చొప్పున గౌరవం లభించింది. మమ్మల్ని ఎండలో నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. ఆ సమయాన్ని భోజన విరామంలోంచి తగ్గించమన్నారు. తగ్గించాను.

3. మేము తాగే నీళ్ల డ్రమ్ముకు మూత లేదు. కోత మిషన్ దుమ్మంతా అందులోనే పడుతుంది. మూత కావాలని బీరమ్మ ఎండాకాలం నుంచి అడుగుతోంది. "చూద్దాం" అన్నారు యజమాని గారు. చూడటం ఇంకా పూర్తి కాలేదు.

4. సోమవారం బీరమ్మ తన పేరున్న బండను తీసి, కడిగి, డ్రమ్ము మీద పెట్టింది. సరిగ్గా సరిపోయింది. యజమాని గారు చూశారు.

"ఇజ్జతిస్తే గిట్ల మూత వెడ్తవా?"

"ఇజ్జత్ నాకే ఇచ్చినవ్ గద సేటూ. నాదాన్ని నేను వాడుకున్న."

"దాని మీద నీ పేరున్నదే!"

"ఉన్నది. ఇప్పుడు దుమ్ము నా పేరు మీద వడుతున్నది. కడుపుల వడుతలేదు."

ఆమెను అప్పుడే గేటు బయటికి పంపారు. బండ మళ్లీ గోడకు చేరింది. డ్రమ్ము మళ్లీ తెరిచే ఉంది.

5. బీరమ్మ భర్త మల్లయ్య ఇదే కోత మిషన్ దగ్గర పనిచేసి, ఇప్పుడు దగ్గుతో మంచాన ఉన్నాడు. ఆ ఇల్లు ఆమె కూలీ మీదే నడుస్తుంది. నేను మాటలు తక్కువ మనిషిని. గేటు దాటుతూ ఆమె, "నా పేరు కాడ ఏం రాస్తవ్ దశరథన్నా?" అని అడిగింది. గైరుహాజరు అని రాయమన్నారు. అది రాయలేక ఇది రాస్తున్నాను.

కావున బీరమ్మను పనిలోకి, మూతను డ్రమ్ము మీదికి చేర్పించే ఉత్తర్వు తమరి దయ. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దశరథ్

తా.క. ఇది మడిచే ముందు వెళ్లి, నా పేరున్న బండను ఆ డ్రమ్ము మీద పెట్టి వచ్చాను. ఉత్తర్వులో ఇద్దరి పేర్లూ రాయించగలరు.