రాసినట్టే ఉన్న ఊరు

హైదరాబాదు

సదానందం కాకకు విద్య నమస్కారాలు.

నోటి మాట డ్యూటీ కాదు, ఏ పనైనా కాగితం మీద రాసి చెప్పాలని పట్టుబట్టారు కాబట్టి ఈ ఉత్తరం.

ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని కింద పోయిన మీ ఎర్రకుంటపల్లె ఇళ్ల ఫోటోలు, రికార్డు చేసిన పెద్దవాళ్ల మాటలు దాచిన మన వెబ్‌సైటు ఎక్కడో అద్దె కంప్యూటర్లలో, అంటే క్లౌడ్‌లో ఉంది. ఏ ఇంటికి ఏ గది, ఆ గదికి ఎవరి పేరు అన్నదంతా ఒక ఫైలులో రాశాను. నల్ల తెర మీద ఆజ్ఞ టైపు చేస్తే ఒక పనిముట్టు దాన్ని చదివి, రాసింది రాసినట్టు కట్టేస్తుంది. ‘ప్లాన్’ అంటే ఏం చేయబోతోందో చెబుతుంది. ‘అప్లై’ అంటే కడుతుంది. ‘డిస్ట్రాయ్’ అంటే కూలుస్తుంది. చేసేముందు నిజమేనా అని అడుగుతుంది, యస్ అని కొట్టాలి.

నాకు ఉద్యోగం మారుతోంది. ఊరికి బదులిచ్చిన కొత్త కాలనీ నడిమధ్య బొడ్రాయి పెట్టేనాటికి అందుబాటులో ఉంటానో లేదో. అందుకే మీరు నేర్చుకోవాలి. ‘ఊరు’ అనే ఫోల్డరు అసలుది. ‘ట్రయల్’ అనేది ఖాళీ నమూనా. దాంతో కొన్నాళ్లు ఆడుకుని కూల్చేయండి.

మీ
విద్య

తా.క. నల్ల తెర చూసి జంకకండి. బొగ్గుబాయి చీకటి చూసిన కళ్లు మీవి.

---

కొత్త కాలనీ, కమాన్‌పూర్ రోడ్డు

బిడ్డ విద్యకు కాక దీవెనలు.

ఉత్తరం అందింది. సాక్షిగ ఉంటడని పక్కింటి సదయ్యతోని సుత చదివిచ్చిన.

నీ పనిముట్టు మంచిదే గని నోరెక్కువ. ప్రతిదానికి అడుగుతది. నేను మర్యాద తప్పకుంట యస్ అని జవాబిస్తున్న. పాపం తెర వెనక ఒక్కడే కూసున్నడేమోనని, చాయ తాగినవా అని కొట్టిన. అసొంటి ఆజ్ఞ లేదన్నది.

నిన్న ట్రయల్ కూల్చుదామని డిస్ట్రాయ్ కొట్టిన. దీనికి రక్షణ ఉన్నది, కూల్చుడు కుదరదన్నది. నా సర్వీసు మొత్తంల ఏ మేనేజరు సుత నాకు గట్ల జవాబు చెప్పలే. ఆ రక్షణ ఏందో జల్ది తియ్యి.

ఇట్లు
సదానందం

తా.క. కాలనీల అందరు నన్ను ఆపరేటర్ సాబ్ అంటున్రు. మీ చిన్నమ్మ లింగవ్వ మాత్రం, మబ్బు మీద ఇండ్లు కట్టెటోనికి కింద నల్లా బాగుచేసుడు చాతగాదా అంటున్నది.

---

హైదరాబాదు

కాకకు నమస్కారాలు.

ట్రయల్‌కు రక్షణ ఎందుకొచ్చిందా అని నాకూ ఆశ్చర్యమే. తొందరలో పెట్టి ఉంటాను. ఎక్కడుందో వెతికే తీరిక లేక, రెండు ఫోల్డర్ల రాతలోంచీ ఆ ముక్క తీసేశాను. ఇక నిశ్చింతగా కూల్చండి. అయ్యాక మళ్లీ పెట్టేస్తాను.

విద్య

తా.క. తెర వెనక మనిషి లేడు కాక. మీ చాయ మీరే తాగండి.

---

కొత్త కాలనీ

బిడ్డా,

కూలింది. అయితే కూలింది ట్రయల్ గాదు, ఊరు.

మన కాలనీల రాజకుమారి ఫోను పట్టుకొచ్చి, కాలం జేసిన మా అవ్వ మాటలు వస్తలేవు కాక అన్నది. చూస్తె సైటే లేదు. మొదటి నుంచి నేను ఊరు ఫోల్డర్లనే కూసుండి కొడుతున్ననని అప్పుడు ఎరుకైంది. రక్షణ అడ్డం పడ్డది అందుకే.

అది అన్ని ఇండ్ల పేర్లు చదివి చూపిచ్చింది. నిజమేనా అని అడిగింది. నేను యస్ కొట్టిన. ఎందుకు కొట్టినవంటె ఏం చెప్పాలె? బాయి మీద నాది గంట కొట్టే డ్యూటీ. కింద నుంచి ఎన్ని గంటలొస్తె పైన నేను అన్ని తిరిగి కొట్టాలె. కొడితె ‘విన్న’ అని అర్థం. బరువు దించుడు, లేపుడు ఇంజను నడిపెటోని పని. నేను ‘విన్న’ అన్న. అది ‘కూల్చు’ అన్ననుకున్నది.

బొడ్రాయి దగ్గరపడ్డది. మస్తు ఫికరైతాంది బిడ్డ, ఏదన్న చెయ్యి.

సదానందం

తా.క. ట్రయల్ మాత్రం గట్టిగున్నది. దాని జోలికి పోతలేను.

---

హైదరాబాదు

కాకకు,

మిమ్మల్ని అనడానికి నాకు నోరు లేదు. రక్షణ తీసింది నేను. ఏ ఫోల్డరులో ఉన్నారని ఒక్క మాట అడగలేదు. ఫోను నిండితే ఫోటోలు తీసేయండి, సైటులో భద్రంగా ఉంటాయని కాలనీ అంతా తిరిగి చెప్పిందీ నేనే. ఆ మాట నమ్మి అందరూ తీసేశారు. ఇంకో చోట కాపీ పెట్టాలని తెలిసి కూడా, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

ఫైలులో రాత ఉంది కాబట్టి చాయ తాగేలోపు ఊరు మళ్లీ లేచింది. వీధులు, గదులు, పేర్లు అన్నీ వచ్చాయి. లోపల ఏమీ లేదు. దానికి నేను గోడలే రాసిచ్చాను. మీరంతా తెచ్చి పెట్టుకున్నవి దానికి తెలియవు. చాలా బాధగా ఉంది కాక.

విద్య

తా.క. మీ బాయిలో ఇంజనీరుగా చేసిన నాన్న నాతో మాట్లాడటం లేదు. మాట్లాడితే, డ్యూటీలో తప్పు చేసినవాళ్లకు ఇచ్చినట్టు చార్జిషీటే ఇస్తారట.

---

కొత్త కాలనీ

బిడ్డ విద్యకు,

బొడ్రాయి పెట్టిన్రు. గోలేటి దాక చెదిరినోళ్లంత వచ్చిన్రు. తెర కట్టి పెట్టిన్రాయె, నువ్వు లేపిన ఖాళీ ఊరే చూపిచ్చిన.

ఒక్కొక్క పేరు వచ్చుడు, కింద తెల్లగ ఉండుడు. ఎదురింటి ఎల్లన్న తన పేరు కాడికొచ్చి, బాగనే కట్టిన్రు అన్నడు. ఈ కాలనీకి సామాన్లు దించిననాడు సుత గదే మాట అన్నడు. నన్ను ఎవ్వరు తిట్టలే. తిడితె మంచిగుండు. రాజకుమారి ఒక్కతే, మా అవ్వ గొంతు నీకు యాదికున్నదా కాక అని అడిగింది. ఉన్నది. గని చేతుల పెట్టి ఇచ్చుడెట్ల?

తెల్లారి ప్లాన్ కొట్టిన. ఈసారి ప్రతి అక్షరం చదివిన. మార్పులేం లేవు, అంత రాసినట్టే ఉన్నదన్నది. ఏమన్న అడుగుతదేమోనని కూసున్న. ఏమడగలే.

నువ్వు ఏడ్వకు. కొత్త డ్యూటీ మంచిగ చేసుకో. మీ నాన్న సారుకు నా నమస్కారం చెప్పు, చార్జిషీటు ఇచ్చేదుంటె నా పేరు ముందు రాయమను.

సదానందం

తా.క. ఒక్క పని చెయ్యి బిడ్డ. ఆ ఫైల్ల ఇంకో ముక్క రాయి, ప్లాన్ కొట్టినప్పుడల్ల ఊర్ల ఏదో తక్కువున్నదని చెప్పాలె. కాలనీకి వచ్చిపోయే ఆఫీసర్లు అంత బరాబరున్నదనే రాసుకపోతున్రు. లేదనెటోడు ఒక్కడన్న ఉండాలె గద.