సగంలో ఆగిన తిట్టు

స్మోల్యాన్, బుధవారం

అమ్మా, పిల్లలూ నేనూ కులాసా. మా అత్తగారి సంగతే బాగాలేదు. తగ్గిన దగ్గు, జ్వరం మళ్ళీ తిరగబెట్టాయి. ఛాతీకి రకియా సారా రుద్దుకుంటే చాలంటూ డాక్టరు మాటే ఎత్తనివ్వలేదు. నిన్న సీసా దాచేశాను. "దొంగమొహందానా, నీ చేతులు..." అంటూనే ఆగిపోయి, ఊపిరందక గోడ పట్టుకుంది. ఆవిడ తిట్టు సగంలో ఆగడం ఈ ఇంట్లో ఎవరూ ఎరగరు. మా ఆయన స్తోయాన్ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. న్యుమోనియాట, ఆక్సిజన్ పెట్టారు. గండం ఇంకా గడవలేదు.

మిరపకాయలు ఎండాయా? ఉన్ని సాక్సులు పంపు. నీ దగ్గు గురించి రాయవేం? పక్కింటి దీమో మేకలు తోటలో పడితే ఎప్పుడూ తిట్టినట్టే తిట్టి చూడు. మధ్యలో ఆయాసమొస్తే ఆ క్షణమే డాక్టరు దగ్గరికి వెళ్ళు. తిట్టు చివరిదాకా వస్తే, దీమోకి నా నమస్కారాలు.

నీ జ్లాట్కా