పాత డ్రైవర్‌ను మార్చాలట

పిచ్చుకకు మామయ్య దీవించి రాయునది.

ఇక్కడ మీ అత్తయ్యా నేనూ క్షేమం. నువ్విచ్చిన కంప్యూటర్ మాత్రం పెడసరంగా మాట్లాడుతోంది. నిన్న స్కూలు బస్సు షెడ్డులో పెట్టి ఇంటికొచ్చి తెరిచానో లేదో, "మీ డ్రైవర్ పాతబడింది, వెంటనే మార్చండి" అంది. ఆ సాఫ్ట్‌వేర్ పెట్టింది నువ్వే కనక నిన్నే అడుగుతున్నాను. పాత డ్రైవర్ ఉండకూడదా? ఇరవై తొమ్మిదేళ్లుగా ఏ గొడవా లేదే.

నీ మామయ్య

తా.క.: కంప్యూటర్ ఉండగా ఉత్తరమెందుకని అడగకు. దాని మీద చాడీలు దానితోనే ఎలా రాయించను?

*

మామయ్యకు పిచ్చుక నమస్కారాలు.

పనిలో తలమునకలుగా ఉన్నాను, రెండు ముక్కల్లో రాస్తున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ ఏం చెబితే అది చెయ్యి. సగం తంటాలు పాత డ్రైవర్లతోనే. ఉన్నట్టుండి ఆగిపోతాయి, చెప్పిన మాట వినవు. మొహమాటపడకుండా "అన్నీ మార్చు" బటన్ నొక్కు. కొత్తవాటిని అదే తెచ్చుకుంటుంది.

నీ మేనకోడలు

తా.క.: ఇరవై తొమ్మిదేళ్ల డ్రైవరా? మ్యూజియంవాళ్లు తీసుకుంటారేమో కనుక్కో.

*

చిరంజీవి పిచ్చుకకు,

నొక్కాను. ముగ్గురు డ్రైవర్లను మార్చామని చెప్పింది. నేనొకణ్ణి. స్కూటర్ నడుపుతుంది కనక మీ అత్తయ్య ఒకరు; అప్పటినుంచి ఆవిడ కంప్యూటర్ ఉన్న గదిలోకి రావడం మానేసింది. మూడోవాడి కోసం మంచం కింద కూడా వెతికాం.

నిన్న రాజీనామా కూడా కంప్యూటర్‌లో కొట్టి ప్రింటు తీశాను. చదివితే ఇవ్వలేనని కళ్లజోడు తీసేసి సంతకం పెట్టాను. మా స్కూలు పెద్ద మేడం వారం దాకా ఊళ్లో ఉండరు, కవరు ఆవిడ బల్ల మీద పెట్టి వచ్చాను. చాలా బాధగా ఉందమ్మా. పొద్దున్నే ఆ పిల్లల మొహాలు చూడకపోతే నాకు రోజు మొదలవదు.

మామయ్య

తా.క.: మ్యూజియంవాళ్లు బస్సునైతే తీసుకుంటామన్నారు.

*

మామయ్యా,

నా బుద్ధి గడ్డి తింది. ఆ డ్రైవరంటే మనిషి కాదు. కంప్యూటర్ చెప్పింది ప్రింటర్‌కీ, స్పీకర్‌కీ, మౌస్‌కీ అర్థమయ్యేలా చేసే చిన్న ప్రోగ్రాం. ఆ ముగ్గురూ వీళ్లే. పదేళ్లు నీ బస్సులో ముందు సీట్లో కూర్చుని బడికెళ్లినదాన్ని, నిన్ను మార్చమంటానా? మేడం తెరవకముందే వెళ్లి ఆ కవరు తెచ్చేసుకో. ఏడుస్తూ రాస్తున్నాను, అక్షరాలు అలుక్కుపోతే సర్దుకుని చదువుకో.

నీ పిచ్చుక

తా.క.: అత్తయ్యకు నా తరఫున క్షమాపణ చెప్పు. స్కూటర్ ఆపాక చెప్పు.

*

పిచ్చుకకు,

నీ ఉత్తరం అందేసరికే మేడం కవరు తెరిచేశారు. నన్ను పిలిపించి కాగితం ముందు పెట్టారు. నీ కొత్త ప్రింటర్ డ్రైవరు అందులో ఒక్క అక్షరం వేస్తే ఒట్టు. పేజీ నిండా గడులూ చుక్కలూ, అడుగున నా సంతకం.

"ఏం రాశారో నాకు తెలీలేదండీ. ఇన్నేళ్లలో మీరు నోరు తెరిచి ఏదీ అడగలేదు. అందుకని ఏదైతే అదయిందని మంజూరు చేసేశాను. ఇంతకీ ఏం అడిగారు?" అన్నారు.

చిన్నపిల్లలు ఎక్కడానికి బస్సుకు కింద ఇంకో మెట్టు అడిగానని చెప్పాను. నువ్వు ఎక్కలేక నా చెయ్యి పట్టుకునేదానివి, గుర్తుందా? రేపు బిగిస్తున్నారు.

నీ పాత డ్రైవరు

తా.క.: ఆ ప్రింటర్ డ్రైవర్‌ను మాత్రం మార్చమనకు. చేరీ చేరగానే పాతవాడి ఉద్యోగం నిలబెట్టాడు.