ఇనప్పెట్టె తాళంచెవి

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు నన్ను నమ్మి దాచమన్న పాత ఫుట్‌బాల్ గోల్‌కీపర్ బొమ్మ కార్డు బతికిపోయింది! సంతోషంతో అక్షరాలు కుదురుగా పడడం లేదు. పోయిన నెల దాని అంచులు దోనెలా పైకి లేచాయి. నీకు చెప్పలేదు, చెబితే పాత కార్డుల ప్రదర్శనకు పేరిచ్చిన నువ్వు తిండి మానేస్తావని భయం.

ఇనప్పెట్టెలో తేమ పీల్చే పొట్లాలు ఎన్నిసార్లు మార్చినా లోపలి తేమ కొలిచే మీటరు ముల్లు దిగలేదు. తప్పు పెట్టెదా, పొట్లాలదా అని పొద్దున్నా సాయంత్రమూ తలుపు తీసి చూసేదాన్ని. చివరికి మీ బావ నవ్వాడు. "తల్లీ, బయట ముసురు పట్టింది. నువ్వు తలుపు తీసినప్పుడల్లా తేమను పిలిచి కూర్చోబెడుతున్నావు. వాటి మానాన వాటిని వదిలెయ్యవే!"

కొత్త పొట్లాలు వేసి తలుపు మూశాను. మూడు వారాలు ఆ గదివైపే పోలేదు. ఇవాళ తీస్తే ముల్లు దిగింది, కార్డు పలకలా చదునుగా ఉంది! నా అరుపుకి మీ బావ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చాడు.

వెంటనే మూసి తాళం వేసేశాను. కానీ ఇది రాస్తుండగానే, నేను సరిగ్గా చూశానా అని అనుమానం మొదలైంది. అందుకే ఉన్న ఒక్క తాళంచెవినీ ఈ కవరులో పెట్టి పంపుతున్నాను. నువ్వే వచ్చి తియ్యి.

అక్క