బుట్ట పరీక్ష

పర్చూరు మండలం,
2-2-2021, మంగళవారం

చి.ల.సౌ. శ్రీదివ్యకు,

చెన్నైలో ఆ కరోనా వార్డులో రాత్రింబవళ్ళు డ్యూటీ చేస్తున్నా నీ ఒంటికి ఏ జబ్బూ అంటకూడదని అమ్మ రోజూ దేవుడి దగ్గర దీపం పెడుతోంది. నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ అమ్మ, నీ కూతురు తేజు, నేను క్షేమమే. ప్రతి ఉత్తరంలో రాసే మాటే అయినా, ఈసారి అది రాస్తుంటే చేయి కాస్త ఆగింది. ఎందుకో చెబుతాను, తొందరపెట్టకు.

నీ ఉత్తరం పోయిన బుధవారం అందింది. కవరు ఒక పక్క కాస్త లేచి ఉంది. పోస్టుమాన్‌ని నిలబెట్టి అడిగితే "జిగురు సరిగా అంటలేదండీ" అన్నాడు. ఏమో, నాకైతే నమ్మబుద్ధి కాలేదు. ఊళ్ళో ఎవరింటికి ఏ ఆసుపత్రి నుంచి ఏ ఉత్తరం వస్తోందో తెలుసుకోవాలని ఈ మధ్య అందరికీ సరదాగా ఉంది. అయినా ఫోనుకంటే ఉత్తరమే నయం. ఫోనెత్తితే అమ్మ పక్కకొచ్చి నిలబడుతుంది, ఎదురింటి వెంకయ్య మామ అరుగు మీద కూర్చుని చెవి ఇటు పడేస్తాడు.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. నువ్వు పంపిన ఆయింట్‌మెంటు రాస్తోంది. తగ్గిందా అంటే తగ్గిందంటుంది. గేదెకి మేత వెయ్యమంటే మాత్రం మళ్ళీ పట్టేస్తుంది. ఇందులో నొప్పి ఎంతో, నటన ఎంతో నాకింకా అంతుబట్టలేదు. బడి తెరిస్తే తేజును పంపాలా వద్దా అనేది నన్నే తేల్చమన్నావు. తేజు ఫోనుకి ఎందుకు రావడం లేదని కూడా అడిగావు. "నా మీద అలిగిందా బావా?" అని రాసిన చోట ఇంకు అలుక్కుపోయి ఉంది. అన్నిటికీ జవాబు రాస్తాను.

మిరపకాయ బాగానే ఉంది, రెండో కోత నడుస్తోంది. కూలీలే దొరకడం లేదు. పక్క మండలాల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్ళని ఊరి మొదట్లోనే ఆపి బుట్ట పరీక్ష పెడుతున్నారు. కల్లంలో కాయలు ఎత్తేశాక అడుగున మిగిలిన దుమ్మూ గింజలూ, నాలుగు తెల్లబడ్డ తాలుకాయలూ బుట్టలో పోసి ముక్కు కింద పెట్టి కుదుపుతారు. తుమ్మితే మనిషి బాగున్నట్టు. తుమ్మకపోతే వాసన పోయిందని, అంటే కరోనా ఉందని, వచ్చిన ఆటోలోనే వెనక్కి పంపేస్తారు. కల్లంలో బతికే మాకు మాత్రం ఈ పరీక్ష ఉండదు. మా ముక్కులు ఎప్పుడో మొద్దుబారాయి, ఆ బుట్ట నెత్తిన గుమ్మరించినా తుమ్ము రాదు. "వాసన వేరు, ఘాటు వేరు. వాసన పోయినవాడు కూడా ఘాటుకి తుమ్ముతాడు. ఆ పిచ్చిపని మానెయ్యండి" అని నువ్వు రాశావు. చదివి జేబులో పెట్టుకున్నాను.

ఇక బడి సంగతి. ఒకటో తారీఖు నుంచి చిన్న తరగతులు కూడా మొదలుపెట్టమన్నారని, పోయిన శుక్రవారం మధ్యాహ్నం హెడ్‌మాస్టరు లక్ష్మీనరసింహం గారు తల్లిదండ్రులందరినీ బడికి రమ్మన్నారు. తేజు క్లాసు టీచరు సీతారత్నం గారు కూడా చీరాల నుంచి బస్సులో వచ్చింది. ఆవిడ మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. కిందటి సెప్టెంబరులో ఆవిడ భర్తకి జ్వరం వచ్చి ఇంట్లోంచి బయటికి రాలేదట. అడిగితే వైరల్ జ్వరమన్నారట. ఫోనులో పంపే పాఠాల్లో కూడా ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి పక్కకి తిరుగుతుంది. ఎందుకు తిరగాలి? తేజు పాఠం వింటుంటే నేను వెనక నిలబడి ఆ తిరగడమే గమనించేవాణ్ణి. పాఠమేమిటో మాత్రం ఒక్కటీ నాకు గుర్తులేదు.

వరండాలో అందరం దూరం దూరంగా కూర్చున్నాం. ముందుగా కోటిరత్నం లేచింది. మన వీధి చివర ఇల్లు, కొడుకు రెండో తరగతి.

"బడి తెరవండి సారూ. మావోడికి అక్షరాలు పోయినయ్. పొద్దస్తమానం ఫోన్లో తుపాకులు పేల్చుకుంటా కూచుంటన్నాడు. అన్నం తింటన్నాడో లేదో కూడా వాడికే తెలవట్లా."

"నీకేం, తెరవమంటావ్" అన్నాడు వెంకయ్య మామ. "రేపొకడికొస్తే ఊరంతా అంటుద్ది. పిల్లలకేం కాదని సారు మాటిస్తారా?"

"నేనెట్లా మాటిస్తానయ్యా?" అన్నారు మాస్టారు. "మొన్న పెళ్ళికి ఊరంతా మాస్కుల్లేకుండా పంక్తుల్లో కూర్చుని తిన్నారు. అప్పుడు మీకెవరు మాటిచ్చారు?"

"పెళ్ళికీ బడికీ పోలికేందండీ! ఇంట్లో కూచోబెట్టి జీతాలు ఇస్తంటే మీకు మాత్రం తెరవాలని ఉంటదా?"

"మాకు తెరవాలని లేకపోతే ఇవాళ ఎండలో బస్సెక్కి ఎందుకొస్తామండీ?" అంది సీతారత్నం టీచరు.

వెంకయ్య మామ బడి వద్దనగానే అసలు సంగతి నాకు తెలిసిపోయిందనుకున్నాను. మనవడు బాలుగాడు బడికి పోతే ఆయన కల్లంలో కాయల్లోంచి తాలు ఏరేదెవరు? కరోనా పేరు చెప్పి పిల్లాణ్ణి పనిలో పెట్టుకున్నాడని నా లెక్క. అక్కడున్న ఒక్కొక్కరి మొహం చూస్తూ ఎవరెందుకు మాట్లాడుతున్నారో మనసులో తేల్చుకుంటూ కూర్చున్నాను. అందరికీ ఏదో ఒక స్వార్థం కనిపించింది. నా వంక చూసుకోవాలని మాత్రం తోచలేదు.

చివరికి నేనే లేచాను. "పిల్లల సంగతి తర్వాత చూద్దాం. బస్సుల్లో తిరిగొచ్చేది టీచర్లు. ముందు వాళ్ళు బుట్ట పరీక్షకి నిలబడాలి" అన్నాను.

మాస్టారు మొహం చిన్నబోయింది. టీచరు మాత్రం తడుముకోలేదు.

"నిలబడతానండీ. కానీ నాదీ ఒక మాట. మాకు పెట్టినట్టే పిల్లలకీ పెట్టండి. మా ఇంట్లో ఎనభై ఏళ్ళ మా అత్తగారున్నారు. మీరు మమ్మల్ని నమ్మనప్పుడు మేం మిమ్మల్ని ఎందుకు నమ్మాలి?"

"అదీ న్యాయంగా ఉంది" అన్నారు అందరూ. ఎత్తింది నేనే కాబట్టి వద్దనలేక తలూపాను. బుట్ట మన కల్లం నుంచే తెప్పించారు.

టీచరు మాస్కు కిందికి దించి వంగింది. వంగీ వంగకముందే తుమ్ములు మొదలై కళ్ళజోడు తీసి కొంగుతో మొహం తుడుచుకుంది. మాస్టారూ అంతే. తర్వాత పిల్లలు. కోటిరత్నం కొడుకు తుమ్మాడు. వెంకయ్య మామ మనవడు బాలుగాడైతే దగ్గి దగ్గి అక్కడే కూలబడ్డాడు. అప్పుడు నాకు తెలిసొచ్చింది దివ్యా. బాలుగాడు కల్లం మొహమే చూడలేదన్నమాట. ఆ ముసలాయన మనవడి ప్రాణానికి నిజంగానే భయపడుతున్నాడు. నేను ఆయన మీద వేసిన నింద ఎవరికి చెందాలో, ఆ మనిషి అక్కడ నా చొక్కా వేసుకునే నిలబడి ఉన్నాడు.

తేజు వంతు వచ్చింది. వంగింది. తుమ్మలేదు. మళ్ళీ గట్టిగా కుదిపారు. కన్ను కూడా చెమర్చలేదు. వంగినది వంగినట్టే చెయ్యి బుట్టలో పెట్టి తాలుకాయలు ఒక్కొక్కటే తీసి పక్కకి వేయడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు, దాని చేతికి అలవాటైపోయింది అంతే.

"అమ్మో, పిల్లకి వాసన తెలవట్లా!" అని కోటిరత్నం కొడుకుని వెనక్కి లాక్కుంది. అందరూ లేచి మెట్లు దిగిపోయారు. "ఒరేయ్ కిట్టా" అన్నాడు వెంకయ్య మామ దూరం నుంచే, "నీ పెళ్ళాం ఆ ఆసుపత్రి నుంచి ఏమేమో పంపుద్ది గదరా. వాటితోనే వచ్చుంటుంది. ముందు పిల్లని ఇంటికి తీసకపో!"

ఒక్క మాట చెబితే తేలిపోతుంది. ఊరంతా నా బిడ్డ నుంచి వెనక్కి జరుగుతుంటే, ఆ నింద వెళ్ళి వెళ్ళి నీ మీద పడుతుంటే, నేను నోరు తెరవలేదు. చెబితే ఆ మాట నీదాకా వస్తుందని భయపడ్డాను. ఇంత సిగ్గుమాలిన పని నా జన్మలో ఇంకోటి చెయ్యలేదు.

దగ్గరికి వెళ్ళింది సీతారత్నం టీచరు ఒక్కతే. కళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి. తేజు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాని చెయ్యి పట్టుకుని వేళ్ళు విప్పి చూసింది. కొసలన్నీ ఎర్రబడి పొట్టు రేగి ఉన్నాయి.

"రోజూ కల్లానికి వెళ్తున్నావా తేజూ?"

తేజు నా వంక చూసింది. పెదాలు గట్టిగా బిగించుకుంది.

"పిల్ల చెప్పదు" అంది టీచరు నాతో. గొంతు పెంచలేదు. "మీరు చెప్పండి శ్రీకృష్ణ గారూ. చెప్పకుండా ఇంటికి తీసుకెళ్తే రేపట్నుంచి దీన్ని ఎవరూ దగ్గరికి రానివ్వరు."

చెప్పాను. "దానికి జబ్బేం లేదు. నా కల్లంలో కాయ ఏరుతోంది. నేనే తీసుకెళ్తున్నా. అందుకే తుమ్ము రాలా" అన్నాను. "పిల్లని డాక్టర్ని చేస్తా, కల్లం గడప తొక్కనియ్యను అన్నావు గదరా" అన్నాడు వెంకయ్య మామ. తిట్టినా బాగుండేది. ఆ మాట ఆయన మామూలుగానే అడిగాడు.

"ఇంకెవరన్నా మాట్లాడతారా?" అన్నారు మాస్టారు. "ఇళ్ళ దగ్గర పిల్లలు ఎలా ఉన్నారో చూశాం. సోమవారం తొమ్మిదింటికి గంట కొడతాను. భయమున్నవాళ్ళు పంపకండి, పంపినవాళ్ళు మాస్కు కట్టి పంపండి" అన్నారు. వెంకయ్య మామ మాత్రం బాలుగాణ్ణి ఇంకో నెల దాకా పంపనన్నాడు. ఆయన్ని ఈసారి నేను అనుమానించలేదు.

అదీ జరిగింది. ఊళ్ళో ఎవరో చెబితే నీకు తెలియడం కన్నా నేనే రాయడం మంచిదని కూర్చున్నాను. "దాన్ని కల్లం వైపు రానివ్వకు బావా" అని నువ్వు బస్సెక్కేటప్పుడు అడిగితే సరేనన్నాను. బడి మూసేశాక ఇంట్లో తోచక ఏడుస్తోందని ఒకరోజు వెంట తీసుకెళ్ళాను. ఊరికే కూర్చోలేక నాలుగు కాయలు ఏరింది. భలే ఏరావే అన్నాను. అంటే ఇంకా ఏరింది. కూలీలు రాని రోజున నేనే పిలిచాను. ఆ తర్వాత పిలవక్కర్లేకపోయింది, పొద్దున లేస్తే నాకంటే ముందు చెప్పులు వేసుకునేది. పట్టా మీద ఫోను పెట్టుకుని టీచరు పాఠం వింటూ కాయ ఏరేది. కళ్ళు మండితే మోచేత్తో తుడుచుకునేది. నేను చూస్తూనే ఉన్నాను.

తేజు నీ మీద అలగలేదు దివ్యా. కల్లం సంగతి నీకు చెప్పొద్దని నేనే దానికి చెప్పాను. నువ్వు ఫోను చేసి మొదట అడిగేదే "ఇవాళ ఏం చేశావు తల్లీ" అని. దానికి అబద్ధమాడటం రాదు. అందుకని నీ ఫోను మోగితే చాలు, దొడ్లోకి వెళ్ళిపోయేది. పిల్లకి తల్లి అక్కర్లేకుండా పోయిందని నువ్వక్కడ ఏడుస్తున్నావు, అదిక్కడ గేదె పక్కన నిలబడి ఫోను ఆగేదాకా చెవులు మూసుకునేది. మీ ఇద్దరినీ నేను విడదీశాను. నన్ను క్షమించమని అడగను. నువ్వెంత తిట్టినా ఆ తిట్లు నావే.

నిన్న బడికి పంపాను. వేళ్ళకి వెన్నపూస రాసి, నువ్వు పంపిన మాస్కు కట్టి, గేటు దాకా నేనే దిగబెట్టాను. నా బుద్ధి నీకు తెలుసుగా, వెంటనే ఇంటికి రాలేదు. టీచరు మాస్కు తీస్తుందేమో, పిల్లల్ని దగ్గర దగ్గరగా కూర్చోబెడుతుందేమో అని ప్రహరీ బయట నిలబడి చూశాను. చెట్టు కింద దూరం దూరంగానే కూర్చోబెట్టింది. ఇన్నాళ్ళూ ఇంటి దగ్గర ఏం చేశారో ఒక్కొక్కరినీ లేచి చెప్పమంది. ఒకడు ఈత నేర్చుకున్నానన్నాడు. ఒక పిల్ల వాళ్ళ కుక్క ఈనిందని చెప్పింది. తేజు లేచింది. చెప్పబోయి ఒకసారి గోడ వంక చూసింది. నేను కనిపించాను. ఏమీ చెప్పకుండా కూర్చుంది.

దివ్యా, టీచరు మాస్కు తీస్తుందేమోనని చూడటానికి వచ్చినవాణ్ణి, నా బిడ్డ నోటికి అడ్డం నేనేనని అక్కడ చూశాను. వెంటనే అక్కణ్ణుంచి కదిలాను. గోడ మలుపు తిరిగి, దానికి కనపడనంత దూరం వచ్చాక వెనక నుంచి తేజు గొంతు వినిపించింది. "టీచర్, నేను చెప్తా" అంది. ఏం చెప్పిందో నేను వినలేదు, ఆగకుండా నడిచి పొలానికి వెళ్ళిపోయాను.

ఈ ఆదివారం నీకు డ్యూటీ లేదని రాశావు కదా. పొద్దున్నే ఫోను చెయ్యి. ఫోను తేజు చేతికిచ్చి, అమ్మని కూడా వెంటబెట్టుకుని నేను బయటికి వెళ్ళిపోతాను. దాన్ని ఏమైనా అడుగు. నేను ఎలా ఉన్నానో, ఏం చేస్తున్నానో కూడా దాన్నే అడుగు. అది ఏం చెబితే అదే నిజం.

ఇట్లు,
నీ బావ,
శ్రీకృష్ణ